నిమ్మనూనె రాసుకొని మిద్దెక్కిన రోజు

నా మొహం ధర్మవరంలో మా వీధి దాటితే ఎవరికీ తెలియదు. నా చేతులు మాత్రం చాలా ఊళ్లలో తెలుసు. మోచేతుల నుంచి వేళ్ల చివరిదాకా నేను ఒక మోస్తరు ప్రముఖురాలిని. గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయబోయి ఆగాను. గొప్ప కోసమే చెప్తున్నాను.

మాది పట్టుచీరల ఇల్లు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, బయట ఇంకో నలుగురి చేత నేయిస్తాం. మా ఆయన మొదట్లో అంగళ్లకు చీరలు వేసేవాడు. కొన్నేళ్ల కిందట వీధిలో అందరితో పాటు తనూ ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలు చూపించడం మొదలుపెట్టాడు. మొదటి రోజు చీర తనే పట్టుకున్నాడు. మా ఆయన ముంజేతుల మీద ఎంత వెంట్రుకలంటే, ఆకుపచ్చ అంచు మీద చెయ్యి పెడితే పచ్చిగడ్డి మీద మేక పడుకున్నట్టు కనిపించింది. చూస్తున్న ఒకామె "అన్నా, నీ చెయ్యి తీసి చీర చూపించు" అని రాసింది. మర్నాటి నుంచి చీర పట్టుకునే పని నాది, ఫోను పట్టుకునే పని ఆయనది అయ్యింది.

మొహం అక్కర్లేదు, చేతులు చాలన్నాడు. "మొహం కనపడితే చీర చూడరు మే" అన్నాడు. అది మెచ్చుకోవడమో తిట్టడమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అడిగితే ఆయనకూ గుర్తులేదంటాడు.

ఆ పని నాకు ఎంత ఇష్టమయ్యిందో చెప్పాలంటే అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లయి వచ్చి పదమూడేళ్లు ఆ ఇంట్లో నేను చేసిందల్లా వండటం, దారం చుట్టటం, చీరలు మడత పెట్టటం. నా పుట్టిల్లు చిలమత్తూరు. అవతల అడుగు పెడితే కర్ణాటక. నా మాటలో కన్నడం దొర్లుతుంది. దాంతో మా అత్తకు నేను కోడల్ని కాదు, 'చిలమత్తూరుదాన్ని'. "చిలమత్తూరుది అన్నం వండిందా?" అని నా ఎదురుగానే మా ఆయన్ను అడిగేది. వండిందని ఆయన చెప్పేవాడు. నేను పక్కనే గరిటె పట్టుకొని నిలబడి ఉండేదాన్ని.

అట్లాంటిది, లైవ్ మొదలైన ఆరు నెలలకు ఎవరో మొహం తెలియని ఆడవాళ్లు "చేతులక్కా, ఆ నీలం చీర ఇంకోసారి తిప్పవా" అని రాయడం మొదలుపెట్టారు. నన్ను అక్కా అన్నారు. ఇంకోసారి అని బతిమాలారు. కొంగు ఎట్లా పరిస్తే బుట్టాలు కనిపిస్తాయో, అంచును ఏ వేలితో ఎత్తితే జరీ మెరుస్తుందో నాకు నేనే కనిపెట్టుకున్నాను. రోజుకు ఒక్క గంట. మిగతా ఇరవైమూడు గంటలూ ఆ ఒక్క గంట కోసమే గడిపేదాన్ని. ఈ మాట మా ఆయనతో ఎప్పుడూ అనలేదు, నవ్వుతాడని.

ఇక మా అత్త ముక్కు గురించి చెప్పాలి. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పట్టుకు నూనె పడదు. ఒక్క వేలిముద్ర జిడ్డు అంటితే చాలు, ఆ చోట మెరుపు చచ్చిపోతుంది. ఎంత మంచి నేతైనా దాన్ని ఇక ఎవరూ కొనరు. అందుకని మా ఇంట్లో తలకు నూనె పెట్టుకున్న రోజు చీరల గదిలోకి అడుగు పెట్టనివ్వరు. కొబ్బరినూనె సీసా వంటింట్లో పై అరలో, ఏదో నేరం చేసినదానిలా గోడవైపు తిరిగి ఉంటుంది. మా అత్త నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. కళ్లు మసకబారాయి గానీ ముక్కుకు ఏమీ కాలేదు. చీర తాకే ముందు ఎవరైనా సరే ఆమె ముందు నిలబడాలి. "చేతులు చూపియ్" అంటుంది. చూపించమంటుందే గానీ చూడదు. మణికట్టు పట్టుకొని అరచేతిని ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూస్తుంది.

"పొద్దున పూరీలు తిన్యావు. పో, కడుక్కోనిరా."

దానికి అప్పీలు లేదు. కుంకుడు నురగతో కడుక్కొని మళ్లీ వచ్చి నిలబడాల్సిందే. మా పుట్టింటివాళ్లు వచ్చినప్పుడు వాళ్ల ముందర కూడా ఇట్లాగే నా చెయ్యి పట్టుకొని వాసన చూసేది. సంతలో గొర్రె పళ్లు చూస్తారే, ఆ లెక్కన. నాకు ఒళ్లు మండేది. నోరు మూసుకొని చేతులు కడుక్కునేదాన్ని.

ఆషాఢం చివర్లో ఒకరోజు లైవ్‌లో ఒకామె రాసింది: "చేతులక్క మోచెయ్యి ఏంది, అంత నల్లగుండాది?" పక్కన నవ్వే బొమ్మ.

నా మోచెయ్యి పుట్టినప్పటి నుంచి నాతోనే ఉంది. దాని రంగు గురించి నేను ఒక్కసారైనా ఆలోచించిన దాన్ని కాదు. ఆ రోజు రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకొని చూశాను. నిజంగానే నల్లగా ఉంది. లోకంలో ఎవరి మోచెయ్యి అయినా మిగతా చెయ్యి కంటే నల్లగానే ఉంటుందని ఇప్పుడైతే అంటాను. ఆ రోజు అనలేదు. మా ఆయన కూడా ఆ మాట చదివాడు. అన్నం తింటూ, ఏమీ ఎరగనట్టు, "రాప్తాడులో నాతో చదువుకున్నోని చెల్లెలుండాది. చేతులు బాగుంటాయంట. పండగ నెల ఒక్కటి పిలుద్దామా?" అన్నాడు. ఆయన మనసులో ఏ కపటమూ లేదు. చీర బాగా కనపడాలి, అంతే. ఆ పిల్ల ఒక్క నెల కూర్చుందంటే ఆ తర్వాత లేవదని, నేను మళ్లీ దారం చుట్టుకోవడమేనని నాకు మాత్రం ఆ క్షణమే అర్థమైపోయింది.

సరిగ్గా అప్పుడే మా చిన్నమ్మ దిగింది.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, చిలమత్తూరులోనే ఉంటుంది. బెంగళూరులో మూడు రోజులు ఏదో తరగతికి పోయి వచ్చింది. పోయేటప్పుడు మామూలు మనిషి. వచ్చేటప్పుడు చేతిలో పెట్టె, పెట్టెలో రంగురంగుల చిన్న సీసాలు. ఎసెన్షియల్ ఆయిల్స్ అంటారు వాటిని. అప్పట్నుంచి ఆమెకు ఎవరు కష్టం చెప్పుకున్నా ఒక సీసా మూత తీసి ముక్కు దగ్గర పెడుతుంది. తలనొప్పికి ఒకటి, నిద్రకు ఒకటి, మొగుడి కోపానికి ఒకటి. వాళ్ల ఆయన కోపం మాత్రం అట్లాగే ఉంది.

నా మోచెయ్యి చూసి, "దీనికి నిమ్మతొక్క నూనె ఉండాది మ్మే. నలుపంతా తీసేస్తాది. చెట్టులోంచి తీసింది, ఏం గాదు. నాలుగు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి పూసుకో" అంది. కలిపి అని రెండుసార్లు చెప్పింది. ఆమె పక్షాన చెప్పగలిగిన మాట ఇదొక్కటే కాబట్టి మరిచిపోకుండా రాస్తున్నాను.

చేతికి కొబ్బరినూనె రాసుకొని ఆ ఇంట్లో పట్టు ముట్టుకోవడమా? అరచేతికి కాదు మోచేతికే కదా అనుకున్నా, చీర పరిచేటప్పుడు మోచెయ్యి తగలకుండా ఎట్లా? అందుకని నేను నా తెలివి ఉపయోగించాను. తెల్లకాగితం తెచ్చి దాని మీద నిమ్మనూనె ఒక చుక్క వేశాను. కాసేపటికి ఆరిపోయింది. మరక లేదు. చిరిగిన పట్టు ముక్క తెచ్చి దాని మీద ఇంకో చుక్క వేశాను. అదీ ఆరిపోయింది, మెరుపు మెరుపులాగే ఉంది. పేరుకే నూనె గానీ ఇది జిడ్డు లేని సరుకు. ఇంక కొబ్బరినూనెతో పనేముంది, ఉన్నదున్నట్టే రాసుకోవచ్చు అని తీర్మానించుకున్నాను.

పట్టుకు హాని లేదని రెండుసార్లు పరీక్ష చేసిన దాన్ని, చర్మానికి హాని ఉందో లేదో ఒక్కసారి కూడా అనుకోలేదు. మా ఇంట్లో పరీక్షలన్నీ పట్టు తరఫునే జరుగుతాయి. సీసా మీద చీమతలకాయంత అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో ఉంది. అంత చిన్నగా రాశారంటే ముఖ్యమైనది కాదనుకున్నాను.

శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం. ఏడాదిలో మాకు అంతకంటే పెద్ద లైవ్ లేదు. రెండు రంగుల చీరలు పెడదామన్నాడు మా ఆయన. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తారు. ఇట్లా చూస్తే వంకాయ రంగు, కొంచెం తిప్పితే చిలకపచ్చ. ఆ మాయ ఇంట్లో లైటు కింద కనపడదు. ఎండ కావాలి. అందుకని మిద్దె మీద, పొద్దున పదకొండింటికి.

పదిన్నరకు స్నానాల గదిలో తలుపేసుకొని సీసా మూత తీశాను. మోచేతులకే అనుకున్నాను. రాశాక అక్కడొక వాసన, ఇక్కడొక వాసన ఎందుకని మణికట్టు దాకా, చేతి వెనక దాకా పూశాను. చేతులు పైకెత్తి ఆరబెట్టుకుంటుంటే చుక్కలు కిందికి జారాయి. తుడవలేదు. ఖరీదైన సరుకు కదా, ఇంకనివ్వమనుకున్నాను. ఘుమఘుమలాడుతూ బయటికి వచ్చి అత్త ముందు చేతులు చాచాను. ఆమె అరచెయ్యి లాక్కుని వాసన చూసింది. కనుబొమలు ఎత్తింది.

"నిమ్మకాయ కోసినావా?"

"ఊ" అన్నాను.

"జిడ్డు లేదులే. పో."

ఆ ఇంట్లో మొదటి ప్రయత్నంలోనే నేను పాసైన రోజు అదొక్కటే.

మిద్దె ఎక్కితే మబ్బు. మా అనంతపురం మబ్బుల సంగతి తెలిసిందే. వస్తాయి, నిలబడతాయి, గాలికి పోతాయి. వేరుశనగ వేసిన వాళ్లందరూ తలెత్తి కురవమని మొక్కుతున్న ఆ పూట, మా మిద్దె మీద మా ఆయన ఫోను చేత్తో పట్టుకొని మబ్బు పోవాలని మొక్కుతున్నాడు. "జరుగప్పా, జరుగు, ఒక్క గంట" అని ఆకాశంతో బేరమాడుతున్నాడు. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ముసలాయనకు శింగనమల దగ్గర చేను ఉంది. ఆయన విన్నాడు. విని మమ్మల్ని తిట్టిన తిట్లు లైవ్ ఇంకా మొదలు కాలేదు కాబట్టి లోకానికి వినపడలేదు. జిల్లా అంతా ఒకవైపు మొక్కినా దేవుడు మా మాటే విన్నాడు. మబ్బు జరిగింది. ఎండ నెత్తిన గుద్దినట్టు దిగింది.

గంటన్నర ఆ ఎండలో చీరలు తిప్పాను. అంత బాగా నేను ఎప్పుడూ చూపించలేదు. వంకాయ రంగు చిలకపచ్చలోకి దిగుతుంటే "చేతులక్కా, ఆగు ఆగు, అట్లే పట్టుకో" అని ఒకరి మీద ఒకరు రాశారు. మోచెయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. చివరి చీర కూడా పోయింది. ఫోను ఆపి మా ఆయన నావైపు చూసి, "రాప్తాడు పిల్ల ఎందుకు మే మనకు?" అన్నాడు. గెలిచాను అనుకున్నాను.

సాయంత్రానికి చేతులు చురచురలాడాయి. ఎండదెబ్బ అనుకొని చల్లనీళ్లు పోసుకున్నాను. మర్నాటికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చారలు తేలాయి. చుక్క ఎక్కడ జారిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుగా చీలిందో గీసి చూపించినట్టున్నాయి. మూడో రోజుకు ఆ చారల మీద బొబ్బలు లేచాయి. నీళ్లు తగిలితే ప్రాణం పోయినట్టుండేది.

ఇంటికొక వైద్యం వచ్చింది. మా ఆయన పళ్లపేస్టు పూయమన్నాడు. ఎదురింటామె దిష్టి అంది, లైవ్‌లో అంతమంది చూస్తే తగలదా అని. ఆ ఒక్క మాట నాకు కొంచెం నచ్చింది. చిన్నమ్మకు ఫోన్ చేస్తే గొంతులో ఏ బెదురూ లేకుండా, "లోపలి విషమంతా బయటికొస్తాంది మ్మే, మంచిదే. వేరే సీసా పంపిస్తా, దాని మీద అది పూసుకో" అంది. నేను ఫోన్‌లో అన్న మాటలు ఇక్కడ రాయను. ఆమె నాకు తల్లి వరస.

నాలుగో రోజు అనంతపురం బస్సెక్కాను. ఎండ పడని పక్క సీటు కావాలంటే కండక్టరు "పెండ్లికూతురా ఏమి?" అన్నాడు. కొంగు తీసి చెయ్యి చూపించాను. నోరు మూసుకొని ఒకాయన్ను లేపి సీటిచ్చాడు. రాప్తాడు దాటేటప్పుడు ఆ తెల్లచేతుల పిల్ల ఇల్లు ఏ పక్కనో అనుకుంటూ రెండువైపులా చూశాను.

చర్మం డాక్టరమ్మ నా చేతులు చూసీ చూడగానే, "నిమ్మకాయలు పిండి ఎండలో తిరిగినావా?" అంది. సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆమె ఫోనుతో ఆ చీమతలకాయ అక్షరాలను పెద్దవి చేసి తెలుగులో చదివి వినిపించింది. వేరే నూనెలో పలచన చెయ్యకుండా ఒంటికి రాయరాదు. రాసుకున్నాక పన్నెండు గంటలు ఎండలోకి పోరాదు. రెండే వాక్యాలు. నేను రెండూ తప్పాను.

ఆమె విసుక్కోకుండా చెప్పింది. నిమ్మజాతి కాయల తొక్కలో ఒక పదార్థం ఉంటుందట. అది ఒంటి మీద ఉండగా ఎండ పడితే చర్మాన్ని కాలుస్తుంది. నీడలో ఉంటే అంత బాధ లేదు, ఉత్త ఎండకూ అంత బాధ లేదు. రెండూ కలిస్తేనే ఈ గతి. తొక్కను పిండి తీసిన నూనెలో ఆ గుణం ఎక్కువ, ఆవిరి పట్టి తీసిన దాంట్లో తక్కువట. సీసా చూసి ఏది ఏదో మనకు తెలియదు కాబట్టి, ఎండలోకి పోయే రోజు ఈ జాతి నూనెలు ఎండ తగిలే చోట అసలు పూసుకోవద్దంది. ఏ ఘాటు నూనె అయినా చాలా పలచన చేసుకోవాలి, ముందు ఒక చోట కొంచెం రాసి ఒక రోజు చూసుకోవాలి అంది. కొబ్బరినూనెలో కలిపి ఉంటే బాగుండేదా అని అడిగాను. "మంట తగ్గేదేమో గానీ ఆ ఎండకు అదీ చాలదమ్మా" అంది.

"చెట్టులోంచి తీసిందే కదా డాక్టరమ్మా?"

"జిల్లేడు పాలు ఎందులోంచి వస్తాయి?" అంది.

బొబ్బలు చిదపవద్దంది, పూతమందు రాసిచ్చింది, చేతులు కప్పుకొని తిరగమంది. బొబ్బలు వారంలో మానుతాయి, మచ్చలు మాత్రం నెలలు పడతాయంది.

"ఇంకా పండగ నెల సగం ఉంది డాక్టరమ్మా."

"శ్రావణమాసానికి నేను మందు రాయలేనమ్మా" అంది.

ఇంటికి వచ్చాక మా ఆయన చీటీ చదివి తల గోక్కున్నాడు. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటానన్నాను. చేతి వెనక కూడా మచ్చలున్నాయన్నాడు. తొడుగులు వేసుకుంటానన్నాను. "చీర అమ్ముతాండావా, ఆపరేషన్ చేస్తాండావా అంటారు మే" అన్నాడు. ఆ మాటకు నాకే నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆయన మెల్లగా ఫోను తీసుకొని బయటికి పోయి రాప్తాడుకు మాట్లాడాడు. ఎల్లుండి వస్తుందట. నా బాగు కోసమే అన్నట్టు చెప్పాడు. నేను చీరల గది గడప మీద కూర్చొని గట్టిగా ఏడ్చాను. పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో నేను అట్లా ఏడవడం అదే మొదలు.

మా అత్త మగ్గం మీంచి లేచి వచ్చింది. వచ్చి, అలవాటు కొద్దీ, "ఏం పూసినావు దానికి? జిడ్డు వాసనొస్తాంది, గది దగ్గర కూకోవద్దు" అంది.

అంతే. నాలో ఏదో తెగింది.

"నీ ముక్కు కోసమే అత్తా! ఇదంతా నీ ముక్కు కోసమే! కొబ్బరినూనెలో కలిపి పూసుకోమన్యారు. పూసుకుంటే నువ్వు పట్టు ముట్టుకోనిస్తావా? నీకు చీర మీద మరక పడకూడదు. ఇదో, చూడు, మరకలన్నీ నా మీద పడినాయి!" అని రెండు చేతులూ ఆమె మొహం మీదికి చాచాను. మా ఆయన గుమ్మంలో ఫోను పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చేతులు పట్టుకోబోయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక వదిలేసింది. "నిమ్మకాయ వాసన నాకు తెలిసింది. నిమ్మకాయ చేత్తో ఎండలో తిరిగితే కాలుతాదని గూడా నాకు తెలుసు. ఊరగాయలు పెట్టిన చెయ్యి ఇది. నేనే పో అన్యా" అంది. ఎవరితో అన్నదో తెలియదు. మళ్లీ పోయి మగ్గం మీద కూర్చుంది గానీ ఆ పూట మగ్గం ఆడిన చప్పుడు నాకు వినపడలేదు.

ఆ పిల్ల రావాల్సిన రోజు పొద్దున అత్త తలకు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, కుంకుడు నురగతో మోచేతుల దాకా చేతులు కడుక్కొని మిద్దె మెట్లు ఎక్కుతోంది. మోకాళ్లు పట్టేసి ఏడాదిగా మిద్దె ఎక్కని మనిషి.

"యాడికి మ్మా?" అన్నాడు మా ఆయన.

"ఆ రాప్తాడు పిల్లకు ఫోన్ చెయ్. రావద్దని చెప్పు. నేను పట్టుకుంటా."

మా అత్త చేతులు నేను వర్ణించగలను గానీ నమ్మరు. కుడి బొటనవేలు వంకర. వేళ్ల సందుల్లో దారం కోసిన గీతలు. గోళ్లలో ఏ కాలం నాటి రంగో దిగి అక్కడే ఉండిపోయింది. నా మోచెయ్యి నలుపు ఆమె ముందు ఏ మూలకూ రాదు. మా ఆయన మొహం చూడాలి. పట్టుబట్టి ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు లేదు, ఎప్పుడూ లేదు.

నాకు ఎండ పడదు కాబట్టి నేను కింద గదిలో ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. ఆ వంకర వేళ్లు తెర మీదికి వచ్చాయి. గొంతు వచ్చింది. ఫోను చెవిటిదన్నట్టు గట్టిగా అరిచింది.

"అందరూ వినండమ్మా. ఇవి బదులు చేతులు. మా కోడలి చేతులు కాలినాయి. మానినాక ఆమే వస్తాది. అంతవరకూ ఈటితో సర్దుకోండి."

మా కోడలు. ఆ రెండు మాటలూ ఆమె నోట్లోంచి నేను వినడం అదే మొదటిసారి. పద్నాలుగేళ్ల తర్వాత అన్నది, అదీ నాతో కాదు, ఊరూ పేరూ తెలియని కొన్ని వందలమందితో. కళ్లు మసకలై మొదటి రెండు చీరలు నాకు కనపడలేదు.

కనపడిన మూడో చీరను ఆమె తలకిందులుగా పట్టుకొని ఉంది. కొంగు ఎక్కడ, అంచు ఎక్కడ అన్న బాధ లేదు. నేను కింద నుంచి "తిప్పు అత్తా, తిప్పు" అని అరుస్తున్నాను. ఒకామె రంగు పోదని గ్యారెంటీ ఉందా అని రాస్తే మా ఆయన చదివి వినిపించాడు. "మీ ఆయనకు గ్యారెంటీ ఉండాదా మ్మే? కట్టుకోలేదా?" అంది. ఇంక చీరలు పోయాయంటే పోయాయి. ఒక చీర చూపిస్తూ, ఇక్కడ దారం తెగింది, ముడి వేసినాను, చెయ్యి పెడితే తగులుతాది, కావాలంటే తీసుకో లేకుంటే లేదు అంది. ఆ ముడి ఉన్న చీర కోసం ముగ్గురు కొట్టుకున్నారు. నాకు సంతోషం వేసింది. సంతోషంతో సమానంగా కడుపు మండింది కూడా. రెండూ రాస్తేనే నిజం.

మచ్చలు ముందు ఎర్రగా, తర్వాత కాఫీ రంగులో, ఆ తర్వాత పాత టీ మరకల్లాగా ఉండి, కార్తీకం దాటాక గానీ చర్మంలో కలవలేదు. ఎండలోకి పోయినప్పుడల్లా పాత చీర ముక్కతో చేతులు చుట్టుకునేదాన్ని. మానిన తర్వాత నేను మిద్దె ఎక్కి చీర పట్టుకున్న మొదటి రోజు, చూసేవాళ్లు రాసిన మొదటి మాట "అవ్వ యాడ?" అని. రెండో మాట కూడా అదే. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. అత్తను పిలిచాను. అప్పట్నుంచి ఒక కొస ఆమె, ఒక కొస నేను. ఆమె తలకిందులుగా పట్టుకుంటుంది, నేను తిప్పుతాను. రాప్తాడు పిల్లకు పెళ్లి కుదిరిందట. చీర మా దగ్గరే తీసుకున్నారు.

చిన్నమ్మ సీసాల పెట్టె ఇంకా మోస్తూనే ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం పెట్టె గుమ్మం బయట పెట్టి వస్తుంది. అత్త భయం.

మొన్న మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు తీసుకొద్దామని చేట పట్టుకొని పోతున్నాను. ఆ రోజు లైవ్ లేదు, చీరల గది తాళం వేసి ఉంది. మెట్ల మొదట్లో అత్త కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. కాళ్లు తీయలేదు.

"చేతులు చూపియ్."

"మిరపకాయలకు గూడానా అత్తా? వాటికి జిడ్డు అంటితే ఏమైతాది?"

చేట లాగి పక్కన పెట్టి నా మణికట్టు పట్టుకుంది. ఇదివరకు అరచేతితో ఆపేది. ఇప్పుడు అరచెయ్యి, చేతి వెనక, ముంజెయ్యి, మోచెయ్యి దాకా మెల్లగా వాసన చూసింది. అది అయ్యాక రెండో చెయ్యి తీసుకుంది.

"ఏం లేదు. పో" అని కాళ్లు ముడుచుకుంది.

చేట తీసుకొని ఎండలోకి పోయాను.